వాయిస్ సెర్చ్ కోసం విడిగా ఎస్ఈఓ చేయించాలా? నెల్లూరు మోటార్ షాపు తమ్ముడికి నా సమాధానం

మీరు అడిగింది ఇదీ. నెల్లూరులో మీ నాన్నగారిది మోటార్ రివైండింగ్ షాపు, బోరు మోటార్లతో పాటు రొయ్యల గుంటల ఏరియేటర్లు, అంటే నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు కూడా బాగుచేస్తారు. వెబ్‌సైట్ ఒకటుంది, గూగుల్ మ్యాప్స్‌లో పేరు ఉంది. ఒక ఏజెన్సీ వాళ్ళు వచ్చి ఇక జనం టైప్ చెయ్యరు, అంతా మాటతోనే వెతుకుతారు, వాయిస్ సెర్చ్ ప్యాకేజీ వేరే ఉంది, 40 వేలు అన్నారు. తీసుకోవాలా వద్దా అని మీ టెన్షన్.

వద్దు. అలాగని వాళ్ళు చెప్పేదంతా అబద్ధమని నేను అనడం లేదు. జనం మాటతో వెతకడం నిజమే, మన ప్రాంతంలో అయితే నేను రోజూ చూస్తున్నదే. దానికి వేరే ఎస్ఈఓ, అంటే గూగుల్‌లో వెతికినప్పుడు మన సైట్ పైన కనిపించేలా చేసే పని, ఒకటుందని అమ్మడం దగ్గరే నాకు అభ్యంతరం. 12 ఏళ్ళుగా కావలి, నెల్లూరు, ఒంగోలు షాపులకీ ఆసుపత్రులకీ హోటళ్ళకీ ఈ పని చేస్తున్నాను. నాకు అర్థమైంది ఏంటంటే, మీ షాపుకి ఫోన్ చేసిన మనిషి హలో తర్వాత మొదటి వాక్యంగా ఏం అడుగుతాడో, ఫోన్‌లో మైకు నొక్కి కూడా దాదాపు అదే అడుగుతాడు. ఆ వాక్యాలు మీ నాన్నగారికి కంఠతా వచ్చు. వాటిని ఏజెన్సీ వాళ్ళు ఏ టూల్‌లో వెతికినా దొరకవు.

ముందు ఆ "సగం" లెక్క సంగతి చెప్తాను, ఎందుకంటే ఇలాంటి ప్యాకేజీలన్నీ దానితోనే మొదలవుతాయి. 2020 నాటికి సగం సెర్చ్‌లు మాటతోనే జరుగుతాయి అనే వాక్యం వాళ్ళ స్లైడ్లలో మీకూ కనిపించి ఉండాలి. 2014లో, అప్పుడు చైనా సెర్చ్ కంపెనీ బైదూలో పనిచేస్తున్న ఆండ్రూ ఎంగ్, ఐదేళ్ళలో కనీసం సగం సెర్చ్‌లు మాట ద్వారా గానీ బొమ్మ ద్వారా గానీ జరుగుతాయని ఒక అంచనా చెప్పారు. చేతులు మారేకొద్దీ అందులోంచి "బొమ్మ" పోయింది, చైనా పోయింది, అంచనా కాస్తా లెక్క అయి కూర్చుంది. 2020 వచ్చి వెళ్ళిపోయినా ఆ వాక్యం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఇంకో సంగతి, జనం ఏం వెతికి మన సైట్‌కి వచ్చారో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఇది టైప్ చేసింది, ఇది మాట్లాడింది అని విడదీసి చూపించే ఏర్పాటు లేదు. కాబట్టి మీ వాయిస్ ట్రాఫిక్ పెంచుతాం అన్నవాళ్ళని ఒక్కటే అడగండి, పెరిగిందని నాకు ఏ రిపోర్టులో చూపిస్తారు అని.

గూగుల్ యాప్‌లో మాటతో వెతకడం 2008లోనే ఐఫోన్‌లో మొదలైంది. 2011లో సిరి, 2014లో అలెక్సా, 2016లో గూగుల్ అసిస్టెంట్ వచ్చాయి. మన పల్లెల దాకా రావడానికి మాత్రం ఇంకో రెండు జరగాల్సి వచ్చింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకైంది, 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి తెలుగు వచ్చింది. తెలుగులో టైప్ చెయ్యాలంటే ఒత్తులు, గుణింతాలు వెతుక్కోవాలి, ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టాలంటే స్పెల్లింగ్ రావాలి. మైకు నొక్కితే రెండు బాధలూ లేవు. మా అమ్మ ఫోన్‌లో కీబోర్డు వాడటం నేనెప్పుడూ చూడలేదు, వంటింట్లోంచే అడిగేస్తుంది. అందుకే వాయిస్ సెర్చ్ అంటే హైదరాబాద్‌లో స్పీకర్ కొనుక్కున్నవాళ్ళ సంగతి అనుకోవద్దు. చదువు తక్కువైన రైతు, చేతులు ఖాళీ లేని మెకానిక్, కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయిన పెద్దాయన, వీళ్ళే మనకి లెక్క.

లోపల జరిగేది పెద్ద బ్రహ్మవిద్య కాదు. మాట అక్షరాలుగా మారుతుంది, ఆ అక్షరాల వెనక మనిషికి ఏం కావాలో గూగుల్ పోల్చుకుంటుంది, తర్వాత మామూలుగానే వెతుకుతుంది. మధ్యలో ఉన్న ఆ పోల్చుకోవడమే ఏళ్ళ తరబడి మెరుగవుతూ వచ్చింది. 2013లో హమ్మింగ్‌బర్డ్ అనే మార్పుతో విడివిడి పదాలను కాకుండా మొత్తం వాక్యాన్ని చూడటం మొదలైంది, అదే పనిని ఇంకా మెరుగుచేస్తూ 2015లో ర్యాంక్‌బ్రెయిన్, 2019లో బెర్ట్ అనే మార్పులు వచ్చాయి. వీటివల్ల "మోటార్ రిపేర్ నెల్లూరు" అని మూడు ముక్కలు పడేసే అవసరం జనానికి తగ్గింది, మనిషిని అడిగినట్టు అడిగితే సరిపోతోంది. అంటే మనం కూడా అదే పదాన్ని పేజీలో 30 సార్లు ఇరికించే పని మానుకోవచ్చు. ఎస్ఈఓ మీద వాయిస్ సెర్చ్ ప్రభావం ఏంటని ఎవరైనా ఒక్క మాటలో చెప్పమంటే నేను చెప్పేది ఇదే, ముక్కలు పోయి వాక్యాలు వచ్చాయి.

ఇప్పుడు మీ షాపు దగ్గరికి వద్దాం.

విడవలూరు వైపో ముత్తుకూరు వైపో ఒక రొయ్యల గుంట అనుకోండి. రాత్రి 2 గంటలు. పగలు నీళ్ళలోని పాచి ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక అదే పాచి రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ వాడుకుంటుంది, అందుకే తెల్లవారుజాముకి నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ టైమ్‌లో రెండు ఏరియేటర్లు ఆగిపోయాయి. కాపలా ఉన్న మనిషి ఒక చేత్తో టార్చ్ పట్టుకుని, ఇంకో చెయ్యి తడిగా ఉండి, ఫోన్‌ని నోటి దగ్గర పెట్టుకుని ఏమంటాడు? "ఏరియేటర్ మోటార్ ఆగిపోయింది, ఇప్పుడు ఎవరన్నా వచ్చి చూస్తారా" అంటాడు. లేదంటే "మోటారు సౌండ్ వస్తా ఉంది గానీ తిరగతా లేదు, ఏం చెయ్యాల" అంటాడు. ఎవడూ "నెల్లూరులో ఉత్తమ ఏరియేటర్ మరమ్మతు సేవలు" అనడు.

మీ వెబ్‌సైట్ చూశాను. మొదటి పేజీలో నాణ్యత, నమ్మకం, వినియోగదారుల సంతృప్తి అని మూడు పేరాలు ఉన్నాయి. పైన ఆ మనిషి అడిగిన రెండు ప్రశ్నల్లో ఒక్కదానికి కూడా అందులో సమాధానం లేదు. రాత్రిపూట వస్తారా రారా, ఏ మండలాల దాకా వస్తారు, స్పేర్ మోటార్ ఇచ్చి పోతారా, ఎంత టైమ్ పడుతుంది, ఏదీ లేదు. మీకు కావలసిన పని అంతా అక్కడే ఉంది.

రెండో ప్రశ్ననే తీసుకోండి, సౌండ్ వస్తోంది గానీ తిరగడం లేదు అన్నది. దీనికి మీ నాన్నగారు ఫోన్‌లో ఏం చెప్తారో నేను ఊహించగలను. సింగిల్ ఫేజ్ మోటార్ అయితే ముందు కండెన్సర్ చూడమంటారు, త్రీ ఫేజ్ అయితే ఒక ఫేజ్ రావడం లేదేమో స్టార్టర్ దగ్గర, ఫ్యూజుల దగ్గర చూడమంటారు, బోరు మోటార్ అయితే ఇసుక పట్టి జామ్ అయిందేమో అంటారు, ఏదైనా సరే ముందు స్విచ్ ఆపెయ్యి, అలాగే ఉంచితే వైండింగ్ కాలిపోతుంది అంటారు. ఇదే, ఇలాగే, ఆయన మాటల్లోనే పేజీ మీద రాయండి. పైన ప్రశ్న హెడ్డింగ్‌గా పెట్టండి, దాని కిందే రెండు మూడు వాక్యాల్లో సూటిగా సమాధానం ఇవ్వండి, ఆ తర్వాత కావాలంటే వివరంగా రాసుకోండి. గూగుల్ ఫలితాల్లో అన్నిటికన్నా పైన ఒక డబ్బాలో కనిపించే సమాధానం, ఫోన్ కొన్నిసార్లు పైకి చదివి వినిపించేది, ఇలా ప్రశ్న పక్కనే పొట్టిగా ఉన్న జవాబుల్లోంచే ఎక్కువగా వస్తుంది. మీరు చెప్పింది విని అతను కండెన్సర్ తనే మార్చుకుంటే మీకు పోయేదేమీ లేదు, తర్వాత మోటార్ కాలినప్పుడు అతనికి మీ పేరే గుర్తుంటుంది.

రేట్ల సంగతి కూడా అంతే. "మోటార్ రివైండింగ్‌కి ఎంత అవుతుంది" అన్నది మీకు రోజూ వచ్చే ఫోనే కదా. పోటీ షాపువాళ్ళు చూస్తారని చాలామంది రేటు రాయరు. పోటీవాళ్ళకి మీ రేటు ఎప్పుడో తెలుసు, తెలియనిది కస్టమర్‌కే. ఖచ్చితమైన అంకె వద్దనుకుంటే ఇంత నుంచి ఇంత దాకా అని రాసి, ఎందుకు మారుతుందో చెప్పండి. ఎన్ని హెచ్‌పీ, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, రాగి తీగా అల్యూమినియం తీగా, బేరింగులు కూడా పోయాయా. ఆ నాలుగు ముక్కలు చదివినవాడు మీకు పని తెలుసని అక్కడే నమ్ముతాడు.

మాటల ఎంపిక గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే నేను ఇక్కడే ఒకసారి దెబ్బతిన్నాను. కొన్నేళ్ళ కిందట ఒంగోలులో ఒక పళ్ళ ఆసుపత్రికి తెలుగు పేజీలు రాశాను. మంచి తెలుగు రాయాలన్న పట్టుదలతో దంతవైద్యశాల, దంతక్షయం, మూలనాళ చికిత్స అని రాశాను. ఆరు నెలలైనా ఆ పేజీలకి మనుషులు రాలేదు. చివరికి ఆ ఆసుపత్రి రిసెప్షన్‌లో ఒక పూటంతా కూర్చుని వచ్చే ఫోన్లు విన్నాను. పన్ను పుచ్చిపోయింది, పన్ను పీకించాలి, కొత్త పన్ను పెట్టించాలంటే ఎంత, పళ్ళ డాక్టర్ సాయంత్రం ఉంటారా, రూట్ కెనాల్ నొప్పి ఉంటుందా, క్లిప్పులు వేయించాలి. నేను రాసిన పదం ఒక్కటి కూడా వాళ్ళ నోట రాలేదు. ఆ సాయంత్రమే కూర్చుని పేజీలన్నీ మార్చేశాను. తర్వాత రెండు మూడు నెలల్లో ఆ ప్రశ్నలకే ఆ పేజీలు కనిపించడం మొదలైంది. ఆ రోజు నుంచి ఏ పని ఒప్పుకున్నా ముందు కౌంటర్ దగ్గర కూర్చుని ఫోన్లు వింటాను, ఆ తర్వాతే రాయడానికి కూర్చుంటాను.

అయితే యాస దాకా వెళ్ళాలా అంటే, నా అనుభవంలో అక్కర్లేదు. మనవాళ్ళు యాడుంది, ఏందబ్బా, వస్తా ఉండాది అంటారు, అది మన నోటికి అందమే. పేజీలో మాత్రం "ఎక్కడ ఉంది", "ఎందుకు తిరగడం లేదు" అని అందరికీ తెలిసిన మామూలు మాటల్లో రాస్తే చాలు, యాసని మామూలు మాటకి కలుపుకోవడం గూగుల్ కొంతవరకు చేసుకుంటుంది. మీరు పట్టించుకోవాల్సింది వస్తువుల పేర్లు, ఊళ్ళ పేర్లు. స్టార్టర్‌ని స్టార్టర్ అనే రాయండి, కండెన్సర్‌ని కండెన్సర్ అనే రాయండి, ఎక్కడో ఒకచోట కెపాసిటర్ అని కూడా కలపండి. మన దగ్గర రొయ్యల గుంటలు అంటాం, భీమవరం వైపు రొయ్యల చెరువులు అంటారు, రెండు మాటలూ పేజీలో ఉండనివ్వండి. ఊళ్ళ పేర్లయితే ఇంకా జాగ్రత్త. బుచ్చిరెడ్డిపాళెం అని బోర్డు మీద ఉంటుంది, జనం బుచ్చి అంటారు. తోటపల్లి గూడూరుని టీపీ గూడూరు అంటారు. వేదాయపాళెం అని కొందరు, వేదాయపాలెం అని కొందరు రాస్తారు. మీరు పనికి వెళ్ళే ఊళ్ళ గురించి ఒక పేరా మామూలు వాక్యాల్లో రాస్తే ఈ రూపాలన్నీ సహజంగానే వచ్చేస్తాయి. 50 ఊళ్ళకి 50 పేజీలు పెట్టి ఊరి పేరు ఒక్కటే మార్చే పద్ధతి మాత్రం చెయ్యకండి, అలాంటి పేజీలను గూగుల్ స్పామ్ కిందే లెక్కేస్తుంది.

జిల్లా పేర్లను కూడా ఎక్కువ నమ్ముకోకండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు చీరాల బాపట్ల జిల్లాలోకి పోయింది, కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది, నేను చూసే సైట్లలో సగం వాటిలో పాత జిల్లా పేరే ఏళ్ళ తరబడి ఉండిపోయింది. జనం అడిగేది ఊరి పేరుతో, ఇంకా చెప్పాలంటే గుర్తుతో. గాంధీ బొమ్మ దగ్గర, వీఆర్సీ సెంటర్ దగ్గర, ఆత్మకూరు బస్టాండ్ దగ్గర అని. మీ షాపు దగ్గరున్న గుర్తు ఏదో మీ పేజీలోనూ మ్యాప్స్ వివరణలోనూ ఉండాలి.

ఇంకో చిక్కు లిపిది. అదే మనిషి అదే మాట అన్నా, ఫోన్‌లో వాయిస్ భాష తెలుగుగా ఉంటే ప్రశ్న తెలుగు అక్షరాల్లో పడుతుంది, ఇంగ్లీష్‌గా ఉంటే ఇంగ్లీష్ అక్షరాల్లో పడుతుంది. మన దగ్గర రెండు రకాల ఫోన్లూ ఉన్నాయి. కాబట్టి తెలుగు పేజీ ఒకటి, ఇంగ్లీష్ పేజీ ఒకటి విడివిడిగా ఉంచి ఒకదాన్నుంచి ఇంకోదానికి లింక్ ఇవ్వండి. ఇంగ్లీష్ పేజీని మెషీన్‌తో అనువాదం చేసి తెలుగు పేజీ అనొద్దు, వైండింగ్‌లోని విండ్‌ని గాలి అనుకుని "మోటార్ గాలి వేయడం" లాంటి వాక్యాలు వస్తాయి, చదివినవాడు అక్కడే వెనక్కి పోతాడు.

లిపి మాట వచ్చింది కాబట్టి, మీ సైట్‌లో "మా సేవలు" అన్న పేజీ మొత్తం ఒక బొమ్మ. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కరపత్రం చేయించి, దాన్నే ఫొటోగా ఎక్కించినట్టున్నారు. మన ఊళ్ళలో చాలా సైట్లది ఇదే కథ. బొమ్మలో ఉన్న అక్షరాలను గూగుల్ చదువుతుందని నమ్ముకోకూడదు. పాత ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు నుంచి కాపీ చేసి పేస్ట్ చేసినా పిచ్చి గుర్తులే వస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాలు కావు. మొత్తం యూనికోడ్ తెలుగులో మళ్ళీ టైప్ చేయించండి, లేదా మీ నాన్నగారి చేత ఫోన్‌లో మైకు నొక్కి చెప్పించండి, అందులో తప్పులు దిద్దుకుంటే చాలు, ఒక గంటలో అయిపోతుంది. ఈ ఒక్క పని మీకు 40 వేల ప్యాకేజీ కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుందని నేను నమ్మకంగా చెప్తున్నాను.

ఇక మ్యాప్స్. మీలాంటి షాపుకి వెబ్‌సైట్ కన్నా ఇదే ముఖ్యం. దగ్గర్లో ఎవరున్నారు అని మాటతో అడిగినప్పుడు ముందు వచ్చేవి మ్యాప్స్‌లోని షాపులే, పక్కనే కాల్ బటన్ ఉంటుంది, మనిషి సైట్ తెరవకుండానే ఫోన్ చేసేస్తాడు. ఏ షాపుని ముందు చూపించాలన్నది గూగుల్ మూడింటిని బట్టి చూస్తుంది, అడిగినదానికి ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరున్నది. దూరాన్ని మీరు మార్చలేరు. మిగతా రెండూ మీ చేతిలో ఉన్నాయి. "దగ్గరలో" అన్న మాటని పేజీలో ఎక్కడా రాయాల్సిన పని లేదు, ఫోన్ ఎక్కడుందో గూగుల్‌కి తెలుసు.

మీ లిస్టింగ్‌లో నేను గమనించినవి చెప్తాను. కేటగిరీ "ఎలక్ట్రికల్ స్టోర్" అని ఉంది, మీది రిపేరు షాపు, అది మార్చండి. సర్వీసుల జాబితా ఖాళీగా ఉంది. పిన్ హైవేకి అవతలి వైపు పడింది. 16వ నంబర్ హైవే మీద అవతలి వైపు అంటే ఎంత దూరం తిరిగి రావాలో మీకు తెలుసు, బండిలో మోటార్ వేసుకుని వచ్చే రైతుకి అది ఎంత విసుగో ఆలోచించండి, పిన్ సరిగ్గా గేటు మీద పెట్టండి. షాపు పేరు దగ్గర బోర్డు మీద ఉన్న పేరే ఉండాలి, పేరు పక్కన "బెస్ట్ మోటార్ రిపేర్ నెల్లూరు" అని తగిలించమని ఏజెన్సీ వాళ్ళు చెప్తారేమో, అది గూగుల్ నిబంధనలకి విరుద్ధం, లిస్టింగే సస్పెండ్ అవ్వచ్చు. పనివేళలు నిజంగా ఉన్నవే పెట్టండి. రాత్రిపూట నిజంగా ఫోనెత్తి మనిషిని పంపగలిగితేనే 24 గంటలు అని రాయండి. గుంట దగ్గర రొయ్యలు తేలుతుంటే ఫోన్ చేసినవాడికి మీరు ఎత్తకపోతే, అతను ఇంకెప్పుడూ మీకు చెయ్యడు, ఊరంతా చెప్తాడు కూడా.

రివ్యూల దగ్గర ఒక చిన్న సలహా. బాగుచేసి పంపిన ప్రతివాళ్ళనీ స్టార్లు ఇవ్వమని కాకుండా, ఏం బాగుచేయించుకున్నారో ఒక ముక్క చెప్పమని అడగండి, మైకు నొక్కి తెలుగులో చెప్పినా చాలు. "5 హెచ్‌పీ బోరు మోటార్ కాలిపోతే రెండు రోజుల్లో ఇచ్చారు" అన్న ఒక్క రివ్యూ పది "గుడ్ సర్వీస్"ల కన్నా మీకు పనికొస్తుంది, ఎందుకంటే అది కూడా జనం నోటి మాటే. రివ్యూకి బదులు డిస్కౌంట్ ఇవ్వడం మాత్రం నిబంధనలకి విరుద్ధం. ఐఫోన్‌లో సిరిని అడిగేవాళ్ళకి ఆపిల్ మ్యాప్స్ నుంచి చూపిస్తుంది, అక్కడ కూడా షాపుని ఉచితంగానే నమోదు చేసుకోవచ్చు, మన దగ్గర ఐఫోన్ రైతులు తక్కువే అయినా గుంటల యజమానుల్లో ఉన్నారు.

ప్యాకేజీలో స్కీమా అని రాశారు కదా, అది వేగంగా చెప్పేస్తాను. లోకల్ బిజినెస్ స్కీమా, అంటే షాపు పేరు, చిరునామా, ఫోన్, వేళలు యంత్రానికి అర్థమయ్యేలా రాసే కోడ్, అది పెట్టించుకోండి, సైట్ చేసిన కుర్రాడే అరగంటలో పెడతాడు. ప్రశ్నలు జవాబుల స్కీమా పెడితే గూగుల్ ఫలితాల్లో విప్పుకునే ప్రశ్నలు కనిపిస్తాయని వాళ్ళు చెప్పి ఉంటే, 2023 ఆగస్టు నుంచి గూగుల్ దాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది. స్పీకబుల్ స్కీమా, అంటే పేజీలో ఏ భాగాన్ని పైకి చదవాలో చెప్పే కోడ్, గూగుల్ వార్తల సైట్ల కోసం ప్రయోగంగా తెచ్చింది, మోటార్ షాపుకి దానితో పని లేదు. ఈ రెండింటికీ డబ్బు అడిగితే ఇవ్వకండి. సైట్ వేగం మాత్రం చూసుకోండి. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలని గూగుల్ చెప్తుంది, మీ మొదటి పేజీలో ఐదు పెద్ద ఫొటోలు తిరుగుతున్నాయి, గుంటల దగ్గర సిగ్నల్ ఒక గీత ఉన్నచోట అది తెరుచుకునేసరికి మనిషి పక్క షాపుకి ఫోన్ చేసి ఉంటాడు. ఆ ఫొటోలు తీసేసి, పైన ఫోన్ నంబర్ పెద్దగా, నొక్కితే కాల్ వెళ్ళేలా పెట్టండి.

ఫలితం ఎలా కొలవాలి అన్నది చాలామంది అడగరు, మీరు అడిగారు, మంచిది. వాయిస్ సెర్చ్ వల్ల సైట్‌కి వచ్చే మనుషుల సంఖ్య తగ్గినా కంగారు పడొద్దు, సమాధానం ఫలితాల పేజీలోనే దొరికేస్తే ఇక సైట్ ఎవరు తెరుస్తారు? గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో, అంటే మ్యాప్స్‌లోని మీ లిస్టింగ్‌ని నడిపే చోట, ఎంతమంది కాల్ బటన్ నొక్కారు, ఎంతమంది దారి అడిగారు, ఏ మాటలతో వెతికి మీ దగ్గరికి వచ్చారు అన్నది కనిపిస్తుంది. నెలకోసారి అది చూడండి. సెర్చ్ కన్సోల్‌లో ప్రశ్న పదాలతో వడపోసుకోవచ్చు, 2021 నుంచి అందులో రీజెక్స్ ఫిల్టర్, అంటే చాలా పదాలని ఒకేసారి ఇచ్చి వడపోసే ఏర్పాటు ఉంది, ఎంత, ఎక్కడ, ఎలా, ఎందుకు, ఎప్పుడు అన్న మాటలు నిలువు గీతలతో (|) కలిపి పెట్టండి, ఇంగ్లీష్ అక్షరాల్లో కూడా పెట్టండి. అందులో వచ్చే పొడుగు వాక్యాల్లో చాలావరకు మాట్లాడినవే అని నా అంచనా, ఖచ్చితంగా చెప్పే దారి లేకపోయినా మీ పనికి ఆ అంచనా చాలు.

ఇక్కడ చదివే మిగతావాళ్ళకి కూడా ఒక మాట. అందరికీ ఇది ఒకేలా పనిచెయ్యదు. చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి చేసే ఒకాయన నన్ను ఇదే అడిగితే, మీరు దీని జోలికి వెళ్ళకండి అన్నాను. బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ స్లాబులు కొనే విదేశీ కొనుగోలుదారు ఆఫీసులో కూర్చుని టైప్ చేస్తాడు, కొలతలు చూస్తాడు, మెయిల్ రాస్తాడు. అదే నెల్లూరులో లాడ్జి నడిపేవాళ్ళయితే, రొట్టెల పండుగ ఈ ఏడు ఎప్పుడు, దర్గాకి ఎంత దూరం, రూమ్ దొరుకుతుందా అని దూరం ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు దారిలో బస్సులోంచే అడుగుతారు. మొహరం నెలని బట్టి పండుగ తేదీ ఏటా మారుతుంది, ఆ తేదీని ఏటా ముందుగానే మార్చి, బారాషహీద్ దర్గా నుంచి మీ లాడ్జికి దూరం రాసి పెట్టుకున్న పేజీకి ఆ నెలంతా పని ఉంటుంది. పోయిన ఏటి తేదీ అలాగే వదిలేస్తే మాత్రం నష్టమే.

జనం జెమిని, చాట్‌జీపీటీ లాంటి ఏఐ యాప్‌లతో మాట్లాడుతున్నారు కదా, ఇదంతా పాతబడిపోదా అని మీరు చివర్లో అడిగారు. జెమిని యాప్ 2024 జూన్‌లో మన దేశానికి వచ్చినప్పుడే తెలుగుతో వచ్చింది, ఇప్పుడు జనం ఒక్క ప్రశ్నతో ఆగకుండా, కథంతా చెప్పి అడుగుతున్నారు. "మూడేళ్ళ కింద కొన్న మోటారు, రెండుసార్లు వైండింగ్ చేయించాను, మళ్ళీ కాలింది, కొత్తది కొనాలా" అని. దానికి సమాధానం చెప్పడానికి ఆ యంత్రం కూడా ఎక్కడో ఎవరో రాసినదాన్నే చదవాలి. తెలుగులో అలాంటివి రాసినవాళ్ళు చాలా తక్కువ, ఇంగ్లీష్‌లో వెయ్యి పేజీలున్న ప్రశ్నకి తెలుగులో ఒక్క మంచి పేజీ దొరకడం కష్టంగా ఉంది. లో వోల్టేజ్ వల్ల మళ్ళీ మళ్ళీ కాలుతుందా, ఒక ఫేజ్ పోయినప్పుడు కాపాడే రిలే పెట్టలేదా, బోరులో నీళ్ళు లేక ఉత్తినే తిరిగిందా అని మీ నాన్నగారు అడిగే ఎదురు ప్రశ్నలున్నాయే, అవి తెలుగులో రాసి పెడితే ఆ ఖాళీ మీదే అవుతుంది. దీని విలువ మీరు తక్కువ అంచనా వేస్తున్నారని నాకు అనిపిస్తోంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

కాబట్టి తమ్ముడూ, ఈ వారం ముందుగా మొదలుపెట్టాల్సింది ఒకటుంది. కౌంటర్ మీద ఒక నోటుబుక్కు పెట్టండి. వచ్చిన ప్రతి ఫోన్‌కి అవతలివాళ్ళు అడిగిన మొదటి వాక్యాన్ని వాళ్ళన్నది అన్నట్టే రాయండి, దిద్దకండి, యాస ఉన్నా ఉండనివ్వండి. పక్కన నాన్నగారు చెప్పిన జవాబు రాయండి. పిన్, కేటగిరీ, ఆ బొమ్మ పేజీ, ఈ మూడూ ఈలోపు సరిచేసుకోండి. పది రోజుల తర్వాత ఆ నోటుబుక్కు పేజీల్లో కస్టమర్ల పేర్లు, నంబర్లు కనపడకుండా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, అందులో ఏ ప్రశ్నకి విడిగా పేజీ కావాలి, ఏవి ఒకే పేజీలో సరిపోతాయి, ఏవి మ్యాప్స్‌లో పెడితే చాలు అన్నది వరసగా చెప్తాను.